సభ ఇవ్వని వేషం

చప్పట్లు కొట్టడం కూడా ఒక ఉద్యోగమే అంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వారు గాని, ఆ నాటకశాలలో అది నిజంగానే ఒక మనిషి చేసే పని. పైకి చూస్తే అతను గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. జనమంతా లోపలికి వెళ్ళి, హాల్లో దీపాలు తగ్గాక, అతను పిల్లిలా వచ్చి మధ్య వరసల్లో దారి పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడ చప్పట్లు పడాలో అక్కడ మొదటి చప్పట అతనిది. తర్వాతవన్నీ జనానివి.

అతన్ని అందరూ గేటు మామయ్య అనేవాళ్ళు. అతని అక్క ఆ నాటక కంపెనీకి వేషాల బట్టలు కుట్టేది. ఆవిడ కూతురు చిన్నప్పుడు తెరల వెనక ఆడుకుంటూ, దారి తప్పినప్పుడల్లా "మామయ్యా" అని గొంతు చించుకునేది. విని విని కంపెనీ మొత్తానికి అదే నోటికి వచ్చేసింది. అతనికన్నా పెద్దవాళ్ళు కూడా మామయ్యా అనే పిలిచేవాళ్ళు. అతనికి అందులో లోలోపల ఒక ముచ్చట.

మొదటి చప్పట అంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. మాట పూర్తికాక ముందు పడితే నటుడి నోటికాడ ముద్ద లాక్కున్నట్టు. బాగా పూర్తయ్యాక పడితే జనం అప్పటికే చల్లారిపోయి ఉంటారు. మాట అయిపోయి, జనం బిగబట్టిన ఊపిరి వదలబోయే ఆ సందులో పడాలి. అదీ గట్టిగా కాదు, తనకోసం తాను కొట్టుకున్నట్టు. పక్కవాడు అది విని, "నాకొక్కడికే అనిపించిందేమో అనుకున్నాను, ఇతనికీ అనిపించిందన్నమాట" అనుకుని ధైర్యంగా చేతులు కలుపుతాడు. అక్కడితో మామయ్య పని అయిపోతుంది. కొట్టకూడని చోట ఎవడో హుషారు మనిషి మొదలుపెడితే ఆపడం కూడా అతని పనే. దానికి ఒక్క "ష్" చాలు. జనం ఇంకా అటా ఇటా అని ఊగుతున్నప్పుడే పడిపోవాలి.

ఇందులో మోసం ఉందని అతను ఏనాడూ అనుకోలేదు. లేని మెప్పు పుట్టించడం ఎవరి తరమూ కాదనీ, ఉన్నదాన్ని బయటికి రానివ్వడమే తన వంతనీ అనేవాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. మేనేజరు సొంత అల్లుడు రాకుమారుడి వేషం కట్టిన రోజున గేటు మామయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మేనేజరు కళ్ళు ఎర్రజేశాడు. "ఆయన గొంతు నాకే రెండో వరస దాటి వినపడలేదండీ" అన్నాడు మామయ్య. ఆ అల్లుడు మర్నాడే తన బట్టల దుకాణానికి తిరిగి వెళ్ళిపోయి, అక్కడ హాయిగా బతుకుతున్నాడు. ఆ రోజు నుంచి కంపెనీలో ఒక మాట స్థిరపడిపోయింది: మామయ్య ఊరికే కొట్టడు.

ఆ కంపెనీకి ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద వేషం ఎవరికివ్వాలో మేనేజరు తేల్చడు. కొత్తవాళ్ళు మొదటిసారి ఆ వేషం కట్టిన రోజున, అందులో గుండెకాయ లాంటి ఘట్టం ఒకటి ఉంటుంది కదా, అక్కడ సభ చప్పట్లు కొట్టాలి. కొడితే వేషం వాళ్ళది. ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ మరొకరు దాని వంక చూడరు. కొట్టకపోతే వేషం పాతవాళ్ళకి పోతుంది, మళ్ళీ అడగకూడదు. దీన్ని "సభ ఇవ్వడం" అనేవాళ్ళు. సభ ఇచ్చేది గేటు మామయ్య చేతుల మీదుగా అని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. అతను నిజాయితీపరుడు గనుక అనాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు ఆ అక్క కూతురు పెద్దదయింది. దీపం పట్టుకుని రాణి వెనక నిలబడే చెలికత్తె వేషంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి దీపం మోసింది. మోస్తూ మోస్తూ ఆ నాటకంలో తల్లి వేషం మాటలన్నీ పట్టేసింది. ఆ నాటకం కంపెనీకి అన్నం పెట్టే నాటకం. అన్న కొడుకుని చంపించి సింహాసనం ఎక్కిన రాజు ఒకడు, చనిపోయినవాడికోసం ఎవరు ఏడ్చినా రాజద్రోహమేనని కొలువులో చాటిస్తాడు. మంత్రుల్ని ఒక్కొక్కణ్ణీ పిలిచి, "అసలు అలాంటి కుర్రవాడు ఒకడు ఉండేవాడా?" అని అడుగుతాడు. ఒక్కొక్కడూ లేచి "లేడు ప్రభూ" అంటాడు. అప్పుడు ఆ కుర్రవాడి తల్లి కొలువులోకి వస్తుంది. వచ్చి మంత్రుల ముందు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతుంది. "నువ్వు వాడికి విల్లు పట్టడం నేర్పావు. నువ్వు వాణ్ణి భుజాల మీద ఊరంతా తిప్పావు." ఎవడూ తలెత్తడు. చివరికి రాజు ముందు నిలబడి ఆమె అంటుంది: "ఇంతమంది నోళ్ళు మూయించావు. బాగుంది. రేపు నీ మేడకి నిప్పంటుకుంటే, ప్రభూ మంట అని చెప్పడానికి ఒక్క నోరూ మిగలదు." గుండెకాయ అంటే అదీ.

ఆ వేషం అప్పటిదాకా రాణమ్మది. అది అసలు పేరు కాదు. రాణులూ రాజమాతలూ తప్ప వేరే వేషం కట్టి ఎరగదు గనుక అలా పిలిచేవాళ్ళు. ఈ మధ్య రాణమ్మ గొంతు బొంగురుపోతోంది. తనకు తానే మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఇక ఆ పిల్లకివ్వండి. నాకన్నా బాగా అంటుంది, నాకు కుళ్ళుగానే ఉంది గాని నిజం చెప్తున్నాను" అంది. రోజు ఖాయం చేశారు. మధ్యాహ్నం ఆట. అంతా కుదిరిందనుకునే సరికి, సరిగ్గా ఆ ఆటకే అధ్యక్షులవారు వస్తున్నారని కబురు వచ్చింది.

అధ్యక్షులవారంటే ఆ ఊరిని ఏలేవాడు. ఎన్నుకున్నారని కొందరంటారు, ఎన్నుకున్నట్టు చెప్పమన్నారని కొందరంటారు. ఆయన గురించి పత్రికలో రాసిన ఒకాయన్ని మాట్లాడడానికని తీసుకువెళ్ళారు. మాటలింకా అయినట్టు లేవు, ఇంటికి రాలేదు. నాటకశాల ఉన్న భవనం ఊరిది. అంటే ఆయనది. వచ్చే ఏడాది కూడా దాన్ని కంపెనీకే ఉంచుతారో, గోదాము చేస్తారో ఇంకా తేలలేదు.

ఆట రోజు ఉదయం మేనేజరు గేటు మామయ్యని టికెట్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇవాళ ఆ తల్లి మాటకి చప్పట్లు పడకూడదు మామయ్యా."

మామయ్యకి వెంటనే అర్థం కాలేదు. "ఏమండీ, పిల్ల సరిగ్గా అనడం లేదా?"

"బాగా అంటోంది. అదే బాధ. ఆ మాట రాజుని అనగానే హాలు హాలంతా చప్పట్లు కొడితే, ముందు వరసలో కూర్చున్నాయనకి ఎలా ఉంటుంది? నాటకాన్ని మెచ్చుకున్నారనుకుంటాడా, తనని తిట్టారనుకుంటాడా?"

గేటు మామయ్య తలుపు వైపు ఒకసారి చూశాడు. "ఆయన దగ్గర్నుంచి మాటేమైనా వచ్చిందాండీ?"

"వచ్చేదాకా కూర్చుంటామా? వచ్చాక ఇంకేం మిగులుతుంది?"

"పోనీ ఆ ఘట్టం తీసేస్తే?"

"తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు. ఉంచాలి, చప్పుడు లేకుండా దాటించాలి. నిన్నేమీ చెయ్యమనడం లేదయ్యా. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. ఏమీ చెయ్యకుండా ఉండమంటున్నాను, అంతే."

"పిల్లకి ఇవాళ మొదటి రోజండీ. సభ ఇవ్వకపోతే దాని వేషం పోతుంది." ఇది చెప్పేటప్పుడు అతని గొంతు కాస్త పైకి లేచింది. "ఇవాళ్టికి రాణమ్మగారిని కట్టమనండి. పిల్ల వచ్చే వారం కడుతుంది."

మేనేజరు బల్ల మీద ఉన్న టికెట్ల కట్టని సర్దుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "రాణమ్మ కడితే నువ్వు కొట్టినా కొట్టకపోయినా జనం కొడతారు. వాళ్ళకి ఆవిడ అలవాటు. పిల్ల కొత్త. కొత్తవాళ్ళకైతే జనం నీకోసం చూస్తారు."

అప్పుడు అర్థమైంది మామయ్యకి. పిల్లని ఆ రోజు రంగం మీదికి పంపిస్తున్నది బాగా అంటుందని కాదు, సులువుగా అణిగిపోతుందని. అక్కడ లేచి "నా వల్ల కాదు, ఇంకొకణ్ణి చూసుకోండి" అని ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే లేదు. అతను అనలేదు. హాలు పోతే అందరి పొట్టలూ కొట్టినట్టే కదా అనుకున్నాడు. అక్క మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి, ఇంటి ఖర్చు గుర్తొచ్చింది. ఇవన్నీ నిజాలే. కానీ వీటన్నిటికన్నా ముందు గుర్తొచ్చింది ఆ పత్రిక ఆయన ఇంటి తలుపు. రోజూ అటే నడిచి వస్తాడు గనుక, ఆ తలుపు మూసి ఉండడం అతను రోజూ చూస్తున్నాడు.

"సరే లెండి" అన్నాడు.

అక్కడితో ఆగినా కొంత మర్యాద దక్కేది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఎవరూ అడగని మాట ఒకటి అన్నాడు. "రాజు చాటింపు మాటకి ఒకటి వెయ్యనాండీ? ఆయనకి బాగుంటుందేమో."

మేనేజరు ఆ ఆలోచన తనకి రానందుకు ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "వెయ్యి" అన్నాడు.

గదిలోంచి బయటికి వచ్చాక మామయ్యకి చెవులు వేడెక్కాయి. భయపడి ఒప్పుకోవడం వేరు, మీద పడి సాయం చెయ్యడం వేరు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. తెలిసీ అన్నాడు. ఎందుకన్నానా అని వసారాలో చాలాసేపు నిలబడ్డాడు. మేనేజరు ముఖంలో ఆ చిరాకు పోయి మెప్పు కనిపిస్తే చాలనిపించింది, అంతకన్నా వేరే కారణం దొరకలేదు.

పిల్లకి చెప్పాలనుకున్నాడు. ఇవాళ ఏదో వంక పెట్టి మానెయ్యమనాలి, గొంతు పట్టేసిందనమనాలి. వేషాల గదికి వెళ్ళేసరికి ఆమె అద్దం ముందు కూర్చుని ఉంది. జుట్టుకి తెల్లరంగు వేసుకుని, కళ్ళకింద నల్లటి గీతలు దిద్దుకుని, అచ్చం అక్కలా ఉంది. రాణమ్మ వెనక నిలబడి మెడ దగ్గర పైట సరిచేస్తోంది.

"మామయ్యా, నీకో మాట చెప్పాలి" అంది పిల్ల, అతను నోరు తెరిచేలోపు. "నేను నీ మేనకోడల్నని ఊరికే కొట్టకు. బాగుంటేనే కొట్టు. బాగా లేకపోతే ఆ అల్లుడిగారికి చేసినట్టే చెయ్యి. నేనేమీ అనుకోను."

"సరేనమ్మా" అన్నాడు మామయ్య. ఆ రోజు అది రెండో సరే.

రాణమ్మ అద్దంలోంచి అతన్ని చూసి, "ఏమయ్యా, నీకెందుకు చెమటలు పడుతున్నాయి? వేషం కట్టేది నువ్వా అదా?" అని వేళాకోళం ఆడింది. అతను నవ్వినట్టు చేసి బయటపడ్డాడు.

అధ్యక్షులవారు ఆలస్యంగా వచ్చారు. ఆయన వచ్చేదాకా తెర లేవలేదు. పొట్టిగా, కాస్త ముందుకి వంగి, మామూలుగా ఉన్నాడు మనిషి. దారిలో ఎదురుపడితే పక్కకి తప్పుకోవాలని కూడా తోచదు. చుట్టూ ఉన్న నలుగురూ మాత్రం గట్టివాళ్ళు. వాళ్ళలో ఒకడు కూర్చోకుండా ముందు వరస పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని చూపు రంగం మీద కాదు, జనం మీద ఉంది.

రాజు చాటింపు వచ్చింది. "వాడికోసం రాలిన ప్రతి కన్నీటి బొట్టూ నా మీద విసిరిన రాయి" అని రాజు వేషగాడు గర్జించగానే మామయ్య చేతులు కలిశాయి. తనకోసం తాను కొట్టుకున్నట్టు, ఎప్పటిలాగే, ఆ సందులోనే. పక్కవాడు ఒక్క క్షణం తటపటాయించి అందుకున్నాడు. ఆ వెనక హాలంతా అందుకుంది. అక్కడ ఏనాడూ చప్పట్లు వినని రాజు వేషగాడు బిక్కమొహం వేసి, తర్వాతి మాట మర్చిపోయినంత పని చేశాడు. ఏడవడం నేరమని చాటిస్తే ఒక హాలు నిండా మనుషులు చప్పట్లు కొట్టారు. నేర్పింది తను.

పిల్ల వచ్చింది.

మొదటి మంత్రి ముందు ఆగేసరికే హాల్లో దగ్గులు ఆగిపోయాయి. రాణమ్మ ఆ మాటల్ని నిప్పులా కురిపించేది. ఈ పిల్ల అలా అనలేదు. ఇంట్లో పోయిన వస్తువు గురించి తెలిసినవాళ్ళని అడిగినట్టు, మెల్లగా, కాస్త మొహమాటంగా అడిగింది. "నువ్వు వాణ్ణి భుజాల మీద ఊరంతా తిప్పావు కదా" అన్నప్పుడు ఆ మంత్రి వేషగాడు, ఆ వేషంలో జుట్టు నెరిసినవాడు, నిజంగానే తల వంచేసుకున్నాడు. మామయ్య మెడమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ ఘట్టం చూస్తున్నాడు, దాన్ని వినడం మాత్రం ఇవాళే మొదలుపెట్టినట్టు అనిపించింది. పిల్ల రాజు ముందు నిలబడింది. చివరి మాట అంది. "ప్రభూ మంట అని చెప్పడానికి ఒక్క నోరూ మిగలదు."

అతని చేతులు వాటంతటవే లేవబోయాయి. వాటిని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆ సందు వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టి ఎవరైనా మొదలుపెడతారా అని చూస్తోంది. అతనికోసమే చూస్తోంది. ఆ సందు దాటిపోతోంది.

అప్పుడు వెనక ఎక్కడో ఒక చప్పట వినపడింది. పొడిగా, ఒంటిగా. మళ్ళీ ఒకటి. ఆ పక్కనుంచి ఇంకెవరో జంకుతూ కలిశారు. ఇక రెండు క్షణాలు ఆగితే హాలు లేచేది, అది అతనికన్నా బాగా ఎవరికీ తెలియదు. గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి చప్పుడు వచ్చిన వైపు మెడ తిప్పాడు.

"ష్."

ఎవరన్నారా అని మామయ్యే ఒక్క క్షణం వెతుక్కున్నాడు. తన నోట్లోంచి వచ్చింది. ఎంత సరిగ్గా వచ్చిందంటే, అంతకన్నా బాగా ఏనాడూ అనలేదు. చప్పట్లు టక్కున ఆగిపోయాయి. కొట్టినవాళ్ళు తప్పు చోట కొట్టామేమోనని సిగ్గుపడి చేతులు దించేసుకున్నారు. గోడ దగ్గరి మనిషి మళ్ళీ ముందుకి తిరిగాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారే గాని, ష్ అనమని మేనేజరు కూడా అడగలేదు. ఆ మాట ఎవరూ అడగలేదు.

రంగం మీద పరిస్థితి ఘోరంగా ఉంది. చప్పట్లు తగ్గాక భటుడు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. చప్పట్లే లేకపోతే ఎప్పుడు రావాలో భటుడికి తెలియలేదు. తెర పక్కన నిలబడి ఎదురు చూస్తున్నాడు. పిల్ల రాజు ముందు అలాగే నిలబడి ఉంది. ఆమె పెదవుల పక్క చిన్నగా అదరడం మామయ్యకి కూర్చున్న చోటికే కనిపించింది. మంత్రులు తలలు వంచుకునే ఉన్నారు. హాలూ అలాగే ఉంది. చివరికి ఆమే భటుడు లేకుండా, తనంతట తనే తిరిగి నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

చప్పట కొట్టిందెవరో చూద్దామని మామయ్య వెనక్కి తిరిగాడు. చౌక టికెట్ల వరసలో, శాలువా తల మీదికి కప్పుకుని, రాణమ్మ కూర్చుని ఉంది. పిల్లకి సభ ఇవ్వకపోతే వేషం తిరిగి వచ్చేది ఆవిడకే. ఆవిడ రంగం వైపు చూడడం లేదు, నేరుగా ఇతని వైపే చూస్తోంది. మామయ్యకి తల కొట్టేసినట్టయింది.

అధ్యక్షులవారు ఆఖరి అంకం చూడకుండానే లేచారు, పని ఉందట. రాజు పడిపోయే అంకం అది. వెళ్తూ వెళ్తూ, వంగి వంగి సాగనంపుతున్న మేనేజరుతో, "బాగుంది. కాస్త పొడుగు" అన్నారు. తల్లి గురించి గాని, రాజు గురించి గాని ఒక్క ముక్క లేదు. ఆ ఘట్టంలో ఆయన కళ్ళు తెరుచుకుని ఉన్నాడో మూసుకుని ఉన్నాడో కూడా ముందు వరసవాళ్ళు గట్టిగా చెప్పలేకపోయారు. గేటు దగ్గర నిలబడి అదంతా విన్న మామయ్యకి, దేనికోసం చేశానో అదీ లేకుండా పోయిందని తెలిసి, ఇంకా చిన్నతనంగా అనిపించింది.

ఆట అయ్యాక వేషాల గదికి వెళ్ళకుండా పోదామనుకున్నాడు. కానీ పిల్లని ఇంటికి తీసుకెళ్ళేది తనే. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె గుడ్డతో ముఖం మీద రంగు తుడుచుకుంటోంది. ఏడ్చి ఆపేసినట్టుంది, కళ్ళ కింద గీతలు చెంపల మీదికి వచ్చేశాయి.

"చెప్పేద్దాం" అనుకున్నాడు మామయ్య. నోరు తెరిచాడు.

"నాకు వినపడింది మామయ్యా" అంది ఆమె.

అతను గుమ్మం పట్టుకున్నాడు. "ఏం వినపడింది?"

"చప్పట. హాలంతా బిగదీసుకుని కూర్చున్నప్పుడు ఒక్కటి. అది నీదేనని నాకు తెలుసు. అంత పెద్దమనిషి ముందు కూర్చుని, ఆ నిలబడ్డవాడు అలా చూస్తుంటే, నువ్వు కాక ఇంకెవరు కొడతారు?" ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "వేషం పోతే పోయింది. నువ్వు ఊరికే కొట్టవు. నాకది చాలు."

మామయ్య ఒక అడుగు లోపలికి వేశాడు. "అది కాదమ్మా, నేను..."

"ఇంకెవరు కొడతారమ్మా, మీ మామయ్య కాక" అని వెనకనుంచి మాట వచ్చింది. రాణమ్మ. ఎప్పుడొచ్చిందో, చేతిలో నూనె గిన్నెతో నిలబడి ఉంది. అతని పక్కనుంచి, అతను అక్కడ లేనట్టే లోపలికి వెళ్ళి, దూదితో పిల్ల నుదుటి మీద రంగు తుడవడం మొదలుపెట్టింది.

"మరి ఆ ష్ అన్నవాడెవడో చూశారా? వాడి నోరు పడిపోను" అంది పిల్ల.

"ఎవడో భయస్తుడు" అంది రాణమ్మ. "కళ్ళు మూసుకో, నూనె పోతుంది."

పిల్ల బట్టలు మార్చుకోవడానికి తెర వెనక్కి వెళ్ళింది. రాణమ్మ చేతులు తుడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది. "నిన్ను కాపాడదామని అనలేదు. నిజం చెప్పాలంటే నీ ముఖం చూడబుద్ధి కావడం లేదు. కానీ అది రేపు మళ్ళీ దీపం పట్టుకుని అదే రంగం మీదికి రావాలి. కింద చీకట్లో తనవాడు ఒకడున్నాడనుకుంటేనే వస్తుంది."

"చెప్పేస్తానమ్మా. చెప్పకుండా దాని ముందు ఎలా తిరగను?"

"చెప్తావు. చెప్పి, ఏడ్చి, అది పోనీలే మామయ్యా అంటే హాయిగా నిద్రపోతావు. దానికేం మిగులుతుంది?" ఆవిడ నూనె గిన్నె మీద మూత పెట్టింది. "చెప్పకు. మోసుకో."

బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. దుకాణాలవాళ్ళు తలుపులు తీసే ఉంచారు, పిల్లలు గోడల పక్క బంతి ఆడుతున్నారు. కాస్త దూరం నడిచాక పిల్ల తనలో తనే నవ్వింది.

"పైన మంత్రులు అరడజను మందే గాని, కింద హాలు నిండా ఉన్నారు మామయ్యా. ఆ మాట అనేటప్పుడు నాకది తోచింది. నేను రాజుని అనడం లేదు, వీళ్ళనే అంటున్నానని."

"ఊ" అన్నాడు మామయ్య.

"నువ్వొక్కడివే తలెత్తావు."

రోడ్డు దాటే చోట బళ్ళు ఎక్కువగా ఉన్నాయి. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. రెండు అరచేతులూ కలిసేలా గట్టిగా పట్టుకుంది. అతనికి ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కుంటే ఎందుకని అడుగుతుంది. అవతలికి దాటాక కూడా ఆమె వదల్లేదు. మూసి ఉన్న పత్రిక ఆయన ఇంటి ముందునుంచే ఇద్దరూ నడిచి వెళ్ళారు. అతను అటు తల తిప్పలేదు.

ఇంటి గుమ్మం ముందు చెయ్యి వదిలి ఆమె గబగబా చెప్పులు విడిచేసింది. లోపల అక్క గోడ పట్టుకుని మంచం మీదనుంచి లేస్తున్న చప్పుడు, "ఏమైందే, సభ ఇచ్చిందా?" అన్న గొంతు వినపడ్డాయి.

"ఇవ్వలేదమ్మా" అంది పిల్ల, లోపలికి పరిగెడుతూ. "అది తర్వాత చెప్తాను. ఇవాళ మామయ్య ఏం చేశాడో ముందు విను."

మామయ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు. లోపల పిల్ల చెబుతోంది, మధ్యమధ్య అక్క "నా తమ్ముడే" అంటోంది. కాసేపటికి అక్క గుమ్మం దాకా వచ్చి, అన్నం వడ్డించాను, రా అని పిలిచింది. అతను చెప్పులు విడుస్తున్నానన్నాడు.